రెండో డిస్కు

"ఒక్క డిస్కు పోతే నేను చూసుకుందును అక్కా. రెండు పోయినయ్."

రిపేరుకు వచ్చిన భూమేశ్ పెట్టె తలుపు తెరిచి పట్టుకునే ఆ మాట అన్నాడు. నవనీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కోరుట్లలో పసుపు కంపెనీ ఆఫీసు అది. జగిత్యాల, మెట్‌పల్లి గోదాములతో పాటు ఇక్కడి కెమెరాలు పట్టిన బొమ్మలు కూడా చేరేది ఆ ఇనప్పెట్టెలోకే. లోపల వరసగా డిస్కులు. ఏళ్ల తరబడి దాని ముఖం చూడనక్కర్లేదని అమ్మినవాడు చెప్పాడట. యజమాని ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించాడు. ఒక డిస్కు ఎప్పుడో చచ్చిపోయి ఎర్ర లైటు వెలుగుతుంటే, పెట్టె బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఆఫీసంతా మురిసిపోయింది.

నవనీత అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. పొద్దున రాగానే కంప్యూటర్‌కు దండం పెట్టుకుని గానీ స్విచ్ వేయదు. ఎవరు నవ్వినా పట్టించుకోదు. అన్నం పెట్టే మిషన్‌కు మొక్కితే తప్పేంటంటుంది.

ఇప్పుడు ఆమె మొక్కుతున్నది తమ్ముడి కోసం.

దసరా నాడు సాయంత్రం ఇక్కడి గోదాం గేటు దగ్గర ఎవరో డీసీఎం వ్యాన్‌ను వెనక్కి తీశారు. చక్రాల కింద పడి వాచ్‌మన్ సత్తయ్య ప్రాణం పోయింది. ఆ బండి డ్రైవర్ నవనీత తమ్ముడు ఆనంద్. పండుగని తాగి బస్తాల మీద పడుకున్నాననీ, తాళంచెవి బండికే వదిలేశాననీ, నడిపింది మాత్రం తాను కాదనీ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. తాగినవాడి మాట ఎవరికి కావాలి? తీసుకుపోయి జగిత్యాల సబ్‌జైల్లో వేశారు.

చూసిన మనిషి లేడు. పసుపు దుమ్ముకు ఆగవని గోదాం లోపల కెమెరాలు పెట్టలేదు. గేటు వైపు చూసేది ఒక్కటే. పోలీసులు దాని వీడియో అడిగేసరికి పెట్టె మూగబోయి ఉంది. పండుగ రాత్రి వానతో పాటు పడిన పిడుగుకు రెండో డిస్కూ, పెట్టెను చదివే సర్వర్ కంప్యూటర్‌లోని కార్డూ దెబ్బతిన్నాయి.

"రెండోది మొత్తానికే సచ్చిందా తమ్మీ?"

"కొనూపిరి మీదున్నది. మిగిలిన డిస్కులు కలిసి ఒక్కదాని లోటు పూడుస్తయ్. రెండిటిది వాటితోని కాదు. గిది లేస్తెనే ఏదన్న."

భూమేశ్ పొద్దున్నే సిరిసిల్ల నుంచి వచ్చాడు. చనిపోయిన డిస్కు చోట కొత్తది పెట్టాడు. రెండోదాన్ని బయటికి లాగి, చల్లబడనిచ్చి, మళ్లీ పెట్టాడు. అది కాసేపు గిర్రుమని ఆగిపోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ పెట్టాడు. ఆగిన ప్రతిసారీ నవనీత మళ్లీ దండం పెట్టుకుంది.

ఇంతలో ఫోన్ మోగింది. తల్లి గంగవ్వ.

"వచ్చిందా బిడ్డా?"

"చూస్తున్నరమ్మా."

"వాడు గా పని చెయ్యలే. నాకెరుక."

"నాకు గూడ ఎరుకనే అమ్మా."

తమకు ఎరుకైతే ఏం లాభం? ఎరుక కావలసింది కోర్టుకు. నవనీత ఫోన్ పెట్టేసి మళ్లీ పెట్టె ముందు నిలబడింది.

మధ్యాహ్నం దాటాక డిస్కు లేచింది. ఈసారి ఆగలేదు. పచ్చ లైటు టపటపా కొట్టుకోవడం మొదలైంది. భూమేశ్ ఊపిరి పీల్చుకుని సర్వర్ తెర వైపు తిరిగాడు. తెర మీద ఏమీ లేదు.

"మల్లేందయ్యా?" నవనీత తెర దగ్గరికి వంగింది.

"కాలిన కార్డు తీసి సర్వర్‌ల కొత్తది పెట్టిన కద. గా కొత్త కార్డెవరో పెట్టెకు ఎరుక లేదు. గేటు కాడ కొత్త మనిషొస్తె వాచ్‌మన్ ఆపడా? గట్లనే."

వాచ్‌మన్ అనగానే నవనీతకు సత్తయ్య గుర్తొచ్చాడు. ఆ ముసలాయన రోజూ తన స్కూటీని నీడకు జరిపి పెట్టేవాడు. ఆయన ఉసురు తీసినవాడు ఊళ్లో హాయిగా తిరుగుతున్నాడు.

భూమేశ్ కొత్త కార్డు నంబరును పెట్టెలో ఎక్కించాడు. ఫోల్డర్లు ఒక్కొక్కటిగా తెర మీదికి వచ్చాయి. జగిత్యాల గోదాం. మెట్‌పల్లి గోదాం. ఇక్కడి గేటు. నవనీత ఏడుపు ఆపుకోలేకపోయింది. తమ్ముడు ఇంటికి వచ్చేసినట్టే అనిపించింది.

"ఏడ్వకక్కా, దసరా నాటిదే తీస్తున్న."

వీడియో తెరుచుకుంది. తెరంతా ఎరుపు. ఆ ఎర్రటి మసకలో పెద్ద నీడ ఒకటి వెనక్కి జరిగింది, ఆగింది. ఇంకో చిన్న నీడ పక్కనుంచి పరుగెత్తింది. ముఖం లేదు, చొక్కా లేదు, ఆడో మగో కూడా తెలియదు.

"డిస్కు మంచిగ సదువలేదా?"

భూమేశ్ అదే రోజువి మిగతా గోదాముల వీడియోలు తెరిచాడు. అద్దంలా ఉన్నాయి. మళ్లీ గేటు వీడియోకు వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"డిస్కు తప్పు లేదక్కా. ఫైలు సక్కగున్నది. కెమెరాకే ఏదో అడ్డం పడ్డది. ఎప్పటిసంది గిట్లున్నదో సూద్దాం ఆగు."

అతను వీడియోను వెనక్కి జరిపాడు. సాయంత్రం ఎరుపే. మధ్యాహ్నం ఎరుపే.

ఇంకా వెనక్కి, ఆ పొద్దుటి దాకా జరిపితే ఎరుపు ఒక్కసారిగా విడిపోయింది: ఆయుధపూజకని స్టూలెక్కి, కుంకుమలో ముంచిన వేలిని కెమెరా అద్దం నడుమ నిండుగా అద్దబోతూ, తెర నిండా నవనీతే నవ్వుతోంది.