ఆరు చప్పుళ్ళు

బావిలో పెట్టినవి ఏడు మందు తూటాలు. వినిపించినవి ఆరు చప్పుళ్ళు. ఆ పొద్దున కోదండం చేతిలో ఉన్న లెక్క అంతే.

"ఆరేనా?" అన్నాడు బావి గట్టు మీద నిలబడి. చిత్తూరులో బెల్లం మండీ నడిపే మనిషి. బుట్టలో ఒక్క అచ్చు తక్కువైనా ఎత్తగానే పసిగట్టేవాడు. ఐరాల దగ్గర చెరుకు ఎండిపోతుంటే నలభై అడుగుల బావిని ఇంకా లోతుకు కొట్టిస్తున్నాడు.

బావి కొట్టే అన్నదమ్ములిద్దరూ పలకలేదు. అన్న ధనంజయ వత్తులు కోసేవాడు. తమ్ముడు మునిరత్నం రాతిలో తూటాలు నింపి అంటించేవాడు. వత్తి పొడుగెంతో తమ్ముడు ఏనాడూ చూడలేదు. అది అన్న పని. తూటాలు పేలుతున్నంతసేపూ అన్న గొంతుక్కూర్చుని పుల్లతో నేల మీద గీతలు గీశాడు. తమ్ముడు గట్టు రాతికి అరచెయ్యి ఆనించి పెట్టాడు. పొగ పోయినా అన్న గీతలు ఆపలేదు, తమ్ముడు చెయ్యి తియ్యలేదు.

వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. అన్నీ పేలితే వత్తి కోసినవాడు ముందు దిగి చూడాలి. ఒకటి మిగిలితే నింపినవాడే దిగి దాన్ని ఊడదీయాలి. ఊడదీయడమంటే పాము పుట్టలో చెయ్యి పెట్టడమే.

"ఏందప్పా, ఇద్దురూ నోట్లో బెల్లం పెట్టుకోనుండారా? ఏదో ఒకటి సెప్పండి," అన్నాడు కోదండం.

మట్టి తట్టలు మోసే చెంగమ్మ నవ్వింది. ధనంజయ పెళ్ళాం ఆమె. "యాడ సెప్తారు సామీ! పదేండ్లుగా ఇద్దరికీ సంగటి పెడతా ఉండా. ఉప్పు ఎక్కువైందని కూడా ఒక్కరూ అనలే."

"ఇద్దురూ ఒక బాపతేనా?"

"ఒక బాపతని ఊరంతా అనుకుంటారు. మా ఆయన పలక్కుంటే లెక్క ఇంకా తెగలేదని. మా మరిది పలక్కుంటే ఎప్పుడో తెగిపోయిందని. మా ఆయన్ని అడిగితే ఎందుకో సెప్తాడు, ఏం సెయ్యాల్నో సెప్పడు. మరిదిని అడిగితే సేసి సూపిస్తాడు, ఎందుకో సెప్పలేడు. ఇద్దరి మధ్యన నా నోరు పోతాది."

మౌనం అర్ధాంగీకారమంటారు. రెండు సగాలు కలిస్తే నిండు అంగీకారం అనుకున్నాడు కోదండం. "అయితే దిగొచ్చన్నమాట."

"ఒకటి ఉండాది," అన్నాడు మునిరత్నం. చెయ్యి దులుపుకుని మోకు అందుకున్నాడు.

"ఎట్ల తెలిసె?"

"తెలిసింది."

"అదేం మాటరా? నా మండీకొచ్చి సరుకు తక్కువుండాదంటే తూకమేసి సూపించల్ల. సూపించు."

మునిరత్నం రాతి అదురు పట్టిన తన అరచేతి వైపు చూసుకున్నాడు. అంతకంటే సాక్ష్యం అతని దగ్గర లేదు.

అప్పుడు ధనంజయ తలెత్తాడు. మోకు పట్టుకున్న తమ్ముణ్ణి కాసేపు చూశాడు. గీతలు చేత్తో చెరిపి లేచాడు.

"అన్నీ పేలినాయి. ఐదో వత్తీ ఆరో వత్తీ ఒకే కొలత. ఒక్కసారి కాలినాయి, ఒక్కసారి పేలినాయి. రెండు సప్పుళ్ళు ఒకటిగా ఇనపడినాయి. దిగాల్సింది నేను."

"అబ్బా, అదీ లెక్కంటే!" కోదండం తొడ చరిచాడు. అతనికి కావలసిన లెక్క కూడా అదే. తూటా మిగిలిందంటే పూట పోతుంది. ఇంకో రెండు రోజులు నీళ్ళు అందకపోతే చెరుకు పొయ్యిలోకే.

"అన్నా, ఉండాది," అన్నాడు మునిరత్నం మళ్ళీ. మోకు వదల్లేదు.

"ఉంటే ఎందుకుండాదో సెప్పు."

మునిరత్నం అరచేతిని మళ్ళీ గట్టు రాతికి ఆనించాడు.

"ఇడువు మరిదీ," అంది చెంగమ్మ. "మీయన్న లెక్క యానాడన్నా తప్పిందా?"

అన్న మాట, వదిన మాట. మునిరత్నం మోకు ఒక కొసను నడుముకు కట్టుకోమని అన్నకిచ్చి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు.

ధనంజయ దిగాడు. బీడీ కాల్చేంతసేపు ఏమీ కాలేదు. కోదండం చెంగమ్మ వైపు చూసి, చూసినావా అన్నట్టు తలాడించాడు. అంతలో కాళ్ళ కింద నేల అదిరింది. మునిరత్నం చేతిలో మోకు తేలికైపోయింది.

మధ్యాహ్నానికి శవాన్ని పైకి తెచ్చారు. పగిలిన బండ కింద ఊట బయటపడింది. పొద్దు వాలేసరికి బావిలో నడుములోతు నీళ్ళు. చూడడానికి వచ్చిన ఊరివాళ్ళలో ఎవరో "నీళ్ళు పడినాయి" అన్నారు.

కోదండం చెంగమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి. "ఇన్నేండ్లలో ఒక్కసారి లెక్క తప్పినాడమ్మా మీ ఆయన."

చెంగమ్మ ఏడవడం ఆపింది. మొగుడు గట్టు మీద వదిలిపోయిన తువ్వాలు కొంగు ముడి విప్పి, అందులోవి అతని చేతిలో పోసింది. సమానంగా ఉన్న బారెడు వత్తుల నుంచి ఆ పొద్దున కోసి తీసిన కొసలు, ఏడు. కోదండం వాటిని వరసగా అరచేతిలో పేర్చాడు. మునిరత్నం కూడా వంగి చూశాడు.

ఒక్కో ముక్క పక్కదానికంటే వేలి మందం పొడుగు. ఏ రెండూ సమానం కాదు. ఏ రెండు తూటాలూ ఒక్కసారి పేలే వీలు లేకుండా కోశాడు. ఒకటి మిగిలిందని ధనంజయకు ఏడో చప్పుడు రానప్పుడే తెలుసు. ఆ తర్వాత కూడా గీతలు గీసింది, తమ్ముణ్ణి గట్టు మీదే ఆపగలిగిన అబద్ధం ఏదో తేల్చుకోవడానికి.