నాలుగోసారి తిప్పి పంపిన కొండ

"మళ్ల తప్పేనా సార్?"

రోహిణి అరుపుకు గది మొత్తం తలెత్తింది. మొత్తమంటే ఎంత, ముగ్గురే మిగిలారు.

సాల్మన్ కంప్యూటర్ తెర మీద వేలు పెట్టాడు. అమెరికాలో ఎక్కడో మనిషి జాడ లేని మంచుకొండల మ్యాపు షీటు అది. దాని మీది ఎత్తుల గీతల వెంబడి మౌసుతో మళ్లీ గీసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం రోహిణి పని. తప్పులు పట్టడం సాల్మన్ పని.

"పదకొండు వేల అడుగుల గీత వంకర పోయింది. ఇంకోసారి గీయమ్మా."

"కొండే గట్లున్నది సార్! కొండను సక్కగ జేసి రమ్మంటరా?"

సాల్మన్ నాలుగోసారి ఎర్ర గుర్తు పెట్టేసి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

రోహిణికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన చర్చికే వచ్చే జాస్మిన్ షీటులో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కినా మొదటిసారే పాస్ చేశాడీయన. పాసైన వాళ్లను మేనేజర్ తన గదిలోకి పిలిచేవాడు. ఆ తర్వాత వాళ్లు ఈ అంతస్తులో కనబడలేదు. మాదాపూర్‌లో పోయిన ఏడాది, తొంభై ఎనిమిదిలో లేచిన టవర్‌లోకి, పర్మనెంటు ఉద్యోగాల్లోకి పోయారని అందరూ చెప్పుకున్నారు.

నాయన బాలనర్సయ్య దవాఖానలో పడ్డప్పటి నుంచి కొత్తగూడలో వాళ్లిల్లు రోహిణి జీతం మీదే నడుస్తోంది. ఆ సంగతి సాల్మన్‌కు తెలుసు. తెలిసీ తొక్కుతున్నాడంటే ఎంత కుళ్లుబోతు మనిషి! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఆమె లేచి ఆయన ముందు నిలబడింది.

"మీ చర్చోళ్లయితే ఒక్కపారికే పాసు. నన్ను మాత్రం సతాయిస్తున్రు. మేనేజర్ సార్‌కే చూపిస్త."

సాల్మన్ ముఖం పాలిపోయింది. "వద్దు రోహిణీ. నా మాట విను."

"భయమైతుందా?"

విసవిసా వెళ్లి మేనేజర్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఆయన షీటంతా అటూ ఇటూ జరిపి చూశాడు.

"ఒక్క తప్పూ లేదు. మొదటి రోజే పాస్ కావాల్సింది. ఎందుకాపారు సాల్మన్?"

మేనేజర్ అక్కడికక్కడే పాస్ కాగితం మీద సంతకం చేసి, రోహిణిని తన గదికి రమ్మని చెప్పి కదిలాడు.

రోహిణికి కడుపు చల్లబడింది. పోతూ పోతూ సాల్మన్ బల్ల దగ్గర ఆగింది.

"ఇప్పుడు చెప్పండి సార్, నాలుగుసార్లు ఆపి ఏం సాధించిన్రు?"

ఆయన తలెత్తలేదు.

"జాస్మిన్ వెళ్లాకే నాకూ తెలిసింది, కొత్త షీట్లు రావట్లేదని. షీటు పాసైన వాళ్లందర్నీ ఇంటికే పంపించేశారమ్మా."