తలకిందుల నిమ్మగడ్డి

“ఛీ! ఇవి మిరపకాయలా, చచ్చిన ఎలకల తోకలా?”

చమాయ్ చాప అంచు పట్టి ఎత్తింది. ఎండబెట్టిన పండుమిరపకాయలు ముద్దలు ముద్దలుగా జారిపడ్డాయి. తొడిమల దగ్గర తెల్లటి బూజు, పొట్టల్లో నల్లటి కుళ్ళు. ఒకటి చితికి వేళ్ళకు జిగురంటింది. ఇక ఆ కంపు సంగతి చెప్పకపోవడమే మంచిది. పెరట్లో తనే నారు పోసి, తనే నీళ్ళు మోసి పెంచిన కాయలాయె. ఇంటికి ఏడాది కారం, పికూన్ పెళ్ళి భోజనాల్లో చేపల పచ్చడి, అన్నీ వాటి మీదే.

“పికూన్! బయటికి తగలడు!”

చెల్లెలి కూతురు పికూన్ జిగురుబియ్యం అన్నం బుట్ట చేత్తో పట్టుకునే వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమెకు కాబోయే అత్త సెంగ్దా, మామ తోంగ్ పెళ్ళి మాటలకని వాకిట్లో అడుగుపెట్టారు.

“ఏమైంది వదినా, ఈ కంపేంటి?”

“చూడండి వదినా! అందరం గుడి తిరణాలకు పోతూ దీని చేత నిమ్మగడ్డి నాటించాం. కన్నెపిల్ల తలకిందులుగా నాటితే వాన ఆ ఇంటి ఛాయలకు రాదని మీకు తెలియంది కాదు. ఆ ధైర్యంతోనే కాయలు ఆరుబయట వదిలేశాం. మేమటు పోగానే ఇక్కడ రాత్రీ పగలూ దంచి కొట్టిందట!”

సెంగ్దా ముక్కు మూసుకుంది. ముందు కుళ్ళుకు, తర్వాత ఆ మాటకు. “అంటే... పిల్ల...”

“ఇంకా అడుగుతారేంటి? నాటిన చెయ్యి మంచిది కాదు!” చమాయ్ తుపుక్కున ఉమ్మింది. “ఎవడితో తిరిగావే? నిన్ను చూస్తుంటే ఈ బూజు చూసినట్టే ఒళ్ళు జలదరిస్తోంది.”

“ఎవరితోనూ లేదు పెద్దమ్మా, ఒట్టు!”

“ఒట్టట! మిరపకాయలు అబద్ధం చెప్తాయా? నన్ను చూడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా, మగవాడి గాలి సోకకుండా ఈ వయసుకొచ్చాను. ఎవరైనా వేలెత్తి చూపారా?”

“మీరు నిప్పు వదినా,” అంది సెంగ్దా.

“పోనిద్దురూ,” అన్నాడు తోంగ్, చూపు నేల మీంచి ఎత్తకుండా. “మెకాంగ్ నది పక్కనున్నాక ఎండాకాలంలోనూ ఓ వాన పడుతుంది. పిల్లనెందుకు...”

“మీరు నోర్మూసుకోండి!” సెంగ్దా మొగుడి మీద గయ్యిమంది. “ఇలాంటిదాన్నా కోడలిగా తెచ్చుకునేది? అబ్బే! ఈ సంబంధం ఇంతటితో సరి!”

పికూన్ చేతిలోని బుట్ట జారిపోయింది. “అలా అనకండి అత్తయ్యా! నేను మంచి మనసుతోనే నాటాను. సరిగ్గానే నాటాను.”

ఆ మాటతో చమాయ్‌కి ఒళ్ళు మండిపోయింది.

“సరిగ్గానా? పైగా అబద్ధాలొకటి! నువ్వు గుచ్చింది వంకరగా ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో పడేటట్టుంది. బండెక్కేముందు నా కంట పడింది కాబట్టి సరిపోయింది. దాన్ని పీకి అవతల పారేసి, ఇంకో దుబ్బు తెచ్చి నా చేతుల్తో నేనే నాటాను!”

పికూన్ ఏడుపు ఆపి పెద్దమ్మ మొహంలోకి చూసింది. చమాయ్ గబుక్కున నాలిక్కరుచుకుంది.

“వదినా... మీరా!” సెంగ్దా ముక్కు మీంచి చెయ్యి తీసేసింది. “ఛీ ఛీ! విన్నారటండీ?” అంటూ మొగుడి వైపు తిరిగింది.

ఆయన చెప్పులు మాత్రమే అక్కడున్నాయి. మనిషి బురదలో జారిపడుతూ లేస్తూ అప్పటికే వీధి మలుపు తిరుగుతున్నాడు.