ఎత్తంటే భయమున్నవారు కావలెను

లిఫ్టు ముప్పయ్యో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకున్నా లింగమ్మ బయటికి రాలేదు. కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

"నాతోని కాదు మేడం. కిందికి పోదాం."

"ఇదొక్కటే అమ్మా. ఇయ్యాల్టితోని అయిపోతది. టెర్రస్ మీద పది నిమిషాలు, అంతే," అంది అమల.

"నీకు భయమైతలేదా?"

"నాకెందుకైతది? నాకు అలవాటే."

ఆరు వారాలుగా చెబుతున్న అబద్ధం అది. మూడో అంతస్తు దాటితే చాలు, అమల కాళ్లలో సత్తువ ఉండదు. గోడకు వీపు ఆనించి, నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. ఎత్తంటే భయపడేవాళ్లను కొంచెం కొంచెంగా పై అంతస్తులకు తీసుకెళ్తే ఆ భయం పోతుందా అన్నది ఆమె పరిశోధన. యూనివర్సిటీలో కనిపించిన గోడకల్లా నోటీసు అంటిస్తే మొదట్లో ఒక్కరూ రాలేదు, తర్వాత ఒక్కసారే ఎనిమిది మంది వచ్చారు. మెస్సులో వంటవాళ్లు, తోటమాలి, ఆయాలు. ఏడుగురికి భయం పోయింది. మిగిలింది హాస్టల్లో ఊడ్చే లింగమ్మ ఒక్కతే. ఈమెది కూడా పూర్తయితే సోమవారం థీసిస్ ఇచ్చేయొచ్చు.

లింగమ్మ వేళ్లను ఒక్కొక్కటిగా కడ్డీ నుంచి విడిపించింది అమల. విడిపిస్తుంటే సిగ్గేసింది. అమ్మ వయసు మనిషి.

లిఫ్టు దిగి, మెట్లెక్కి టెర్రస్ తలుపు తీయగానే గాలి మొహానికి కొట్టింది. అమల గుమ్మంలోనే ఆగిపోయి తలుపు రెక్క పట్టుకుంది.

"పిట్టగోడ దాకా పో అమ్మా. దాన్ని ముట్టి, ఒక్కసారి కిందికి చూసి రా. నేను ఈడ్నే ఉంటా."

లింగమ్మ కొంగు నడుముకు దోపుకుని వెళ్లింది. ఆగింది. మళ్లీ నడిచింది. పిట్టగోడ మీద చెయ్యేసి కిందికి చూసింది. తార్నాక రోడ్డంతా అక్కణ్నుంచి కనిపిస్తుంది కాబోలు, అమలకు తెలియదు, అప్పటికే తల వంచేసుకుంది. తలెత్తేసరికి లింగమ్మ గోడ పక్కన కూలబడి ఉంది.

"మేడం, కండ్లు తిరుగుతున్నయి. జర వచ్చి పట్టుకో."

అమల కాలు కదల్లేదు.

"మేడం, జల్ది రా. పడిపోతనేమో."

ఈమెకు ఏమన్నా అయితే? తన చదువు కోసం ఒక మనిషిని ఇంత ఎత్తుకు ఎక్కించి, తను మాత్రం తలుపు చాటున నిలబడింది. కింద అపార్టుమెంటు వాచ్‌మన్‌తో కూడా ధైర్యంగా చెప్పింది, ఏం కాదు, నేనుంటాను కదా అని.

గుమ్మం దాటింది. నాలుగడుగులు వేసింది. ఆకాశం పక్కకు ఒరిగినట్టయింది. ఐదో అడుగుకు మోకాళ్ల మీద పడింది. చేతులతో పాకుతూ ఇంకొంచెం దూరం వెళ్లి, నేల మీద పోతున్న నీళ్ల పైపును పట్టుకుని బిగుసుకుపోయింది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. ఎండకు కాలిన పైపు అరచేతుల్ని చురుక్కుమనిపిస్తున్నా వదలలేకపోయింది.

"అమ్మా, నన్ను మాఫ్ చెయ్యి," అంది ఏడుస్తూ. "భయం నాకు. మొదటి రోజు నుంచీ ఉన్నది. నీకు అబద్ధం చెప్పి తీసుకొచ్చిన."

 గాలి హోరులో అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరో చంక కింద చెయ్యేసి లేపారు.

"కండ్లు మూసుకో. నా మీద బరువెయ్. నేను చెప్పేదాంక తెరవకు."

లింగమ్మ ఆమెను గుమ్మం దాటించి, మెట్ల మీద కూర్చోబెట్టి, తలుపు మూసి గడియ పెట్టింది. సీసా మూత తీసి నీళ్లు తాగించింది. ఊపిరి కుదుటపడ్డాక అమల ఆ సీసా పట్టుకున్న చేతిని చూసింది. అది కొంచెం కూడా వణకడం లేదు.

"నీకు తగ్గిపోయిందా అమ్మా?"

లింగమ్మ పక్క మెట్టు మీద కూర్చుంది. ఆరు వారాల్లో మొదటిసారి మేడం అనలేదు.

"నాకు ఎన్నడూ లేదు బిడ్డా."

"మరి ఇప్పుడు కూలబడ్డవు కదా?"

"ఒట్టిగనే పోయి నిలబడితే నమ్మవేమోనని. మనుషులు దొరకట్లేరని నువ్వు బాత్రూముల నల్లా తిప్పి ఏడుస్తుంటివి. బయట ఊడుస్తూ విన్న. పాణం ఒప్పలే. నాకు భయమని వచ్చి నీకు చెప్పిన. నీకే గింత భయమున్నదని నాకెర్కలే. ఎండల పాకుతుంటే చూడలేకపోయిన. తప్పైంది."

అమలకు కోపం రాలేదు. కోప్పడే మొహం తనకెక్కడిది? సంచీలోంచి ఫైలు తీసింది. లింగమ్మ పేరున్న కాగితాలు ఆరు. మొదటి వారం భయం నూటికి తొంభై. పోయిన వారం ముప్పై. వాటిని ఒక్కొక్కటే విడదీసి, మడిచి, లింగమ్మ ఒళ్లో పెట్టింది.

"తప్పు నాది గూడ అమ్మా. సోమవారం సార్‌కు అంతా నిజమే చెప్తా. నీ పేరు తీసేస్తా. మిగిలిన ఏడుగురితోని థీసిస్ నడుస్తది. నువ్వేం రంది పెట్టుకోకు."

 లింగమ్మ ఒళ్లోని కాగితాల మడత విప్పి, చీర మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది.

"ఆ ఏడుగురికి ఎట్ల భయపడాల్నో నేర్పింది నేనే, బిడ్డా."