గుంతకల్లు మంచుకొండ

ఎవరి అత్తగారికైనా రాయి కనిపిస్తే దేవుడు కనిపిస్తాడు. రామసుబ్బమ్మ అత్తగారు సుంకమ్మకు రాయి కూడా అక్కర్లేదు, తెల్లగా ఉంటే చాలు. గుత్తి రోడ్డులో కొత్తగా సున్నం కొట్టిన మైలురాయికి ఆమె కుంకుమ పెట్టి వచ్చిన రోజునే రామసుబ్బమ్మ జాగ్రత్తపడి ఉండాల్సింది. పడలేదు. అందుకే ఇవాళ గుంతకల్లు ఐసు ఫ్యాక్టరీ గోడౌనులో, కన్నకొడుకు చేసిన మంచుకొండకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది ఆ మహాతల్లి.

"ఎవురన్నా కాలు పెట్టండి చూస్తా! ఇది కైలాసం. శివుని ఇంటి మీద కూచోని జారతారంట, జారతారు!"

"అమ్మా, అది కొళాయి నీళ్ళమ్మా," అన్నాడు ఎర్రప్ప, ఏడుపొక్కటే తక్కువగా.

"గంగ గూడా నీళ్ళే గదరా."

ఎర్రప్ప ఆ ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఏదో పత్రికలో బొమ్మ చూశాడు. పరాయి దేశంలో, నడి ఎండాకాలంలో, పెద్ద హాలు లోపల మంచు తయారుచేసి వాలుగా పోసుకుని జనం దాని మీద జారుతున్నారు. ఇక ఆగలేదు. గోడౌనులో నిలవున్న శనక్కాయల మూటలు వాలుగా పేర్చి, మీద పలకలు పరిచి, చలువ దిగిపోకుండా శనక్కాయ పొట్టు పోసి, గోనెపట్టా కప్పాడు. ఐసు దిమ్మెలను కాయలొలిచే మిషనులో ఆడించి, ఆ తెల్లటి రవ్వను కప్పు దాకా పోశాడు. ఒక తడవ జారితే పావలా.

బయట ఎండకు రైలు పట్టాలు కూడా వణుకుతున్నట్టున్నాయి. లోపల మాత్రం నీలి వెలుతురు. రేకుల సందుల్లోంచి దిగిన ఎండ మంచును తాకీ తాకగానే వెన్నెలైపోతోంది. పొగలాంటి చలువ నేలమీద పాకుతూ వచ్చి పాదాలను పలకరిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని తమ ఊపిరిని కళ్ళారా చూసుకుంటున్న జనం, గట్టిగా మాట్లాడితే అది ఖర్చయిపోతుందేమో అన్నట్టు గుసగుసలాడుతున్నారు. రామసుబ్బమ్మకు కూడా కాసేపు మబ్బుల్లో చాప వేసుకుని కూర్చున్నట్టే ఉండింది. తేరుకుని చూసేసరికి అత్తగారు కొండకు విభూతి రేఖలు దిద్దుతోంది.

చెప్పులు గడప బయట వదిలేసిన జనం చేతులు జోడించారు. టికెట్లు రొండిన దోపుకున్నారు. ఒక్కరూ కదలలేదు.

యజమాని తిప్పేస్వామి ఎర్రప్పను పక్కకు పిలిచాడు. "ఏమప్పా, దండాలు పెట్టుకునేదానికి ఊర్లో దేవళాలు లేవా? పొద్దు గూకే లోపల ఈడ జనం జారల్ల. లేదంటే ఈ కొండా ఉండదు, నీ పనీ ఉండదు."

మొగుడి మొహం చూసి రామసుబ్బమ్మ అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, ఇంత వాలు కొండ మీద కాపురమంటే మాటలా? పార్వతమ్మ మాత్రం జారకుండా నీళ్ళకెట్ల పోతాది?"

సుంకమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. "మొగుని నెత్తి మీదనే గంగ ఉంటే నీళ్ళకు పోయే కర్మ ఆమెకేల? అది నీకూ నాకూ. కాలేజీ చదువు చదివినావు గానీ, పో పిల్లా!"

మిట్టమధ్యాహ్నం నైవేద్యం వేళయింది. సుంకమ్మ చలిమిడి ముద్దను చేటలో పెట్టుకుని, రెండు స్తంభాలకు అడ్డంగా దుప్పటి కట్టించింది.

"దేవుడు ఆరగించేటప్పుడు చూస్తే కండ్లు పోతాయి. అందరూ ఈపులు తిప్పండి."

తిప్పేస్వామితో సహా అందరూ తిప్పారు. సుంకమ్మ తెర వెనక్కి పోయింది.

ఇంట్లో అయితే దేవుడు చిటికెలో తినేస్తాడు. ఇవాళ ఎంతకీ తెర లేవలేదు. ఇంతలో లోపల్నుంచి 'జర్రు'మని ఒక చప్పుడు. కాసేపటికి మళ్ళీ 'జర్రు'.

"శివుడు దిగినాడమ్మో!" అంటూ జనంలో ముందు నిలబడిన అక్కమ్మ అనే ఆవిడ చెంపలు వాయించుకుంది. ఆమె వెనక గోడౌనంతా వాయించుకుంది. చెప్పులతోనే లోపలికి వచ్చిన తిప్పేస్వామి గబగబా వాటిని విడిచేశాడు.

ఎర్రప్ప మొహం మాత్రం పాలిపోయింది. "మూటలు జారతాండాయేమో. అమ్మ కింద ఉండాది. నువ్వొకసారి చూడు," అన్నాడు పెళ్ళాం చెవిలో.

"నాకు కండ్లు పోతే?"

"నేను చూస్తా మళ్ళ. నాకు పోతే?"

ఇంట్లో రెండు కళ్ళు పోక తప్పనప్పుడు అవి మేస్త్రీవి కాకపోవడమే మంచిదని లెక్కేసుకుని, రామసుబ్బమ్మ దుప్పటి కొస పట్టుకుని కొంచెంగా లాగింది. ముడి ఊడి తెర మొత్తం కింద పడింది. జనం గిరుక్కున తిరిగారు.

చలిమిడి ముద్ద ఒక మూల నేలమీద ఉంది. కొండ మీద విభూతి రేఖలు లేవు, నిలువునా నున్నటి చాళ్ళున్నాయి. గోచి పోసుకుని, చేటలో మఠం వేసుకుని, జుట్టునిండా మంచుతో పైనుంచి రివ్వున దిగుతున్న సుంకమ్మ, సరిగ్గా కోడలి కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. కోడలిని చూసింది. జనాన్ని చూసింది. గుండెల నిండా చలిగాలి పీల్చుకుంది.

"తప్పు నాదేనప్పా," అంది అందరికీ వినబడేలా, చేట చంకన పెట్టుకుని మళ్ళీ పైకెక్కుతూ. "ఇది కైలాసం గాదు. కైలాసంలో ఇంత సుఖం ఉంటే, ఆయప్ప కండ్లు మూసుకోని కూచుంటాడా!"