పెంకల కింది పిచ్చుక

మెదక్, 27-5-1963

తమ్మి గాలయ్యకు మల్కయ్య రాసేది. నా అక్షరాలు కోడి గెలికినట్టుంటయి, తప్పులు గూడ ఉంటయి. జర ఓపికతోని సదువు.

మొన్న నువ్వు మా ఇంటి గూన పెంకలు తిరగేసెటందుకు చేగుంట నుంచి వస్తే, నిన్ను నిచ్చెన ఎక్కనియ్యలే. పెరటి దిక్కు సూరుల పిచ్చుక పిల్లలున్నయంటి. నువ్వు నవ్వినవు.

"మల్కన్నా, మునిసిపాల్టీ రికార్డుల ఇల్లు నీ పేరున్నదా, పిచ్చుక పేరున్నదా?" అన్నవు. నేను నిచ్చెనకు అడ్డం నిలవడ్డ. నువ్వు కోపంతోని నిచ్చెన ఎత్తుకొని పోయినవు.

ఇయ్యాల పొద్దుగాల మూడు పిల్లలు ఎగిరినయి. ఒకటి జామచెట్టు మీదికి, ఒకటి నేను నీళ్లు పెట్టే మూకుడు మీదికి, చిన్నది సీదా నా తలరుమాలు మీదికి. మస్తు సంబరమైంది.

గూడు ఖాళీ అయింది. మిరుగం కార్తెకు ఇంక పది దినాలే ఉన్నది. వాన పడితే సక్కగ నా మంచం మీదనే కారుతది. అందుకే కార్డు అందంగనే నిన్ను రమ్మందామని రాసుడు మొదలువెట్టిన.

ఇంత వరకు రాసిన్నో లేదో, తల్లి పిచ్చుక వచ్చింది. నా మంచం నులకల నుంచి ఒక పోస పీకి సూరులకు పోయింది. మళ్ల వచ్చి ఇంకోటి పీకింది.

తమ్మీ, అప్పుడే రాకు. మంచం నేనే ఇవతలికి జరుపుకుంట. మునిసిపాల్టీని అడిగే పని లేదు, ఇల్లు పిచ్చుకదే. నేనే కిరాయికున్న.

ఆ ఒక్క మూల ఇడిసిపెట్టి తక్కిన పెంకలు తిరగేయొస్తదా? నీ కోపం పోయిందా? రెండిటికీ జల్ది జవాబు రాయి.