పచ్చగానే ఉంది

"సార్, పాల ఫ్రీజరు కింద నీళ్లు కారుతున్నాయి."

ఆస్పత్రి కంట్రోల్ రూమ్ గుమ్మంలో నిలబడి చెప్పింది ఆమె. నలిగిన చీర, చేతిలో గుడ్డసంచి.

ఇంజనీరు తల తిప్పలేదు.

"ఏ ఫ్రీజరు?"

"నెలలు నిండని పిల్లల వార్డులోది. తల్లుల పాలు దాచిపెడతారే, అది. ఇప్పుడే సీసాలు ఇచ్చి వస్తున్నాను."

అతను తెర మీద వెతికాడు. పాల ఫ్రీజరు. మైనస్ ఇరవై. పక్కన పచ్చ చుక్క.

"పచ్చగానే ఉందమ్మా. తలుపు తీసి వేస్తుంటే కాస్త తడి చేరుతుంది."

"తడి కాదు సార్, ధార కడుతోంది."

"మీ కళ్లు నిజమా, నా మిషను నిజమా?"

పక్కనున్న ఆపరేటర్ కిసుక్కున నవ్వాడు.

ఆ మిషనంటే ఇంజనీరుకి ప్రాణం. ఏసీలు, లిఫ్టులు, నీళ్ల పంపులు ఈ గదిలోంచే నడుస్తాయి. ఫ్రీజర్లు, బ్యాటరీలు మాత్రం కంప్యూటర్ల వాళ్ల నెట్‌వర్క్‌లో ఉంటాయి. దీని భాష దానికి రాదు, దాని భాష దీనికి రాదు. మాటల్లేని అత్తాకోడళ్లలా ఒకే కప్పు కింద ఎడమొహం పెడమొహం.

వాటి మధ్య గేట్‌వే అనే చిన్న పెట్టె పెట్టించింది అతనే. అదొక దుబాసీ. అక్కడి మాటని ఇక్కడి భాషలోకి మార్చి చెబుతుంది. డైరెక్టరు అందరి ముందూ భుజం తట్టాడు.

మొదట్లో ఆ దుబాసీ ఊరికే గోల పెట్టేది. అవతలి నుంచి కబురు ఒక్క క్షణం ఆగినా చాలు, మోతే మోత. చెవులు చిల్లులు పడుతున్నాయని ఆ ఒక్క హెచ్చరికా ఆపేయించాడు.

"సిస్టర్ కూడా ఫోన్ చేశారు కదా సార్?" ఆమె ఇంకా అక్కడే ఉంది.

"చేసింది. బాగానే ఉందని చెప్పాను."

"ఒక్కసారి వచ్చి చూడకూడదా?"

"పిలిచిన ప్రతి తల్లి వెనకా పరుగెత్తితే ఇక్కడ పని ఎవరు చేస్తారు? మీ బిడ్డకి పాలు తక్కువ కానివ్వంలే. వెళ్లమ్మా."

ఆమె ఏదో అనబోయింది. మాట మింగేసి వెళ్లిపోయింది.

"తన బిడ్డ దాకా వస్తే అందరూ ఇంజనీర్లే," అన్నాడతను.

ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వార్డు డాక్టరమ్మ తనే దిగి వచ్చింది.

"ఫ్రీజరు ఆగిపోయింది. పాలన్నీ కరిగిపోయాయి. మీ తెర ఏం చేస్తోంది?"

తెర మీద మైనస్ ఇరవై. పచ్చ చుక్క.

అతను మీట మళ్లీ మళ్లీ నొక్కాడు. అంకె మారలేదు.

ఫ్రీజరులో బోర్డు కాలిపోయింది. కబురు పంపే ముక్కా దాంతోపాటే పోయింది. కబురు రాకపోయేసరికి, గేట్‌వే చివరిసారి విన్న అంకెనే చూపిస్తూ కూర్చుంది. అది అరవాల్సిన అరుపు అతనే ఆపించాడు.

"పెట్టె మీది," అన్నారు కంప్యూటర్ల వాళ్లు.

"కబురు మీది," అన్నాడు అతను.

అతను వార్డుకి వెళ్లేసరికి సింకు దగ్గర నర్సు ఒక్కో సీసా మూత తీసి ఒంపేస్తోంది.

"మీరు బాగుందన్నారనే మళ్లీ తలుపు తెరవలేదు సార్. తెరిస్తే చల్లదనం పోతుందని," అంది తల ఎత్తకుండానే.

నిన్న వచ్చి చెప్పిన ఆమె కూడా అక్కడే ఉంది. సీసాల వంకే చూస్తోంది.

"ఒక్కటైనా పనికిరాదా సిస్టర్?"

"రాదమ్మా. కరిగి ఎంతసేపయిందో ఎవరికి తెలుసు?"

"మరి ఆ కిటికీ పక్క చిన్నదానికి?"

"డబ్బా పాలే గతి. అరిగించుకుంటుందో లేదో."

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"రేపు వస్తావుగా అమ్మా?" అడిగింది నర్సు.

"ఇక రాను సిస్టర్."

ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కోపం, అనుకున్నాడు ఇంజనీరు. ఫిర్యాదు చేస్తుంది, అనుకున్నాడు. ఏమడిగితే ఏం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకున్నాడు.

ఫిర్యాదు రాలేదు.

'సాంకేతిక లోపం' అని డైరెక్టరుకి చెప్పాడు. ఆయన నమ్మాడు. ఆపించిన హెచ్చరికని ఎవరూ చూడకుండా మళ్లీ పెట్టించాడు. ఆపరేటర్‌కి మాత్రం అర్థమైంది.

ఎవరూ ఏమీ అనలేదు. అదే అతన్ని కంట్లో నలుసులా కెలికింది. అన్నం ముందు కూర్చుంటే ఆ సింకు, ఆ తెల్లటి నీళ్లు.

కొన్నాళ్లు చూసి, చిన్న ఊలు టోపీ ఒకటి కొన్నాడు. దాన్ని జేబులో కుక్కుకుని వార్డుకెళ్లాడు.

కిటికీ పక్క గాజుపెట్టె ఖాళీగా ఉంది. ఆ వైపు చూపు నిలపలేకపోయాడు.

"సిస్టర్, ఆ రోజు ఫ్రీజరు సంగతి చెప్పిందే, ఆవిడ పాప ఏ ఉయ్యాల్లో ఉంది?"

"ఎందుకు సార్?"

"ఇది ఇద్దామని. ఆవిడ వచ్చే వేళ చెబితే... తప్పయిందని ఒక మాట చెప్పుకుంటాను."

నర్సు ఆ టోపీని చూసింది. అతన్ని చూసింది.

"ఆవిడకి పాప ఎక్కడుంది సార్... పుట్టిన వారంలోనే పోయింది. ఒంట్లో పాలు ఇంకిపోయేదాకా ఆ తల్లి తెచ్చిచ్చిందంతా పరాయి పిల్లలకే."